తొమ్మిది చింతగింజలు

గ్లాసుతో నలుగురికి సరిపడా బియ్యం కొలిచి గిన్నెలో పోసి, అందులోంచి ఒక పిడికెడు తీసి గోడ మేకుకు వేలాడే గుడ్డసంచిలో వేసింది సునీల. తొండుపల్లిలో వాళ్ల చర్చికి పోయే ప్రతి ఇంట్లోనూ ఇది మామూలే. పొద్దున ఎసట్లో బియ్యం పోసేముందు దేవుని పేరు మీద ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు. ఈస్టర్ నుంచి కోత పండుగ దాకా కూడిన బియ్యాన్ని పండుగనాడు చర్చికి తీసుకుపోతే అక్కడ వేలం వేస్తారు, వచ్చిన పైసలు చర్చి ఖర్చులకు పోతాయి. సునీల వాళ్లమ్మ కూడా తీసేది. కాకపోతే ఆమె కొలిచిన బియ్యం ముట్టుకోకుండా బస్తాలోంచి వేరే పిడికెడు తీసేది. సునీల కొలిచిన దాంట్లోంచే తీస్తుంది. నలుగురి బియ్యంలో పిడికెడు తగ్గితే, అందరికీ పెట్టి ఆఖరున డ్యూటీకి తన అన్నం డబ్బా సర్దుకునే మనిషికి ఆ పిడికెడు తగ్గుతుంది. ఆ ఇంట్లో ఆఖరున డబ్బా సర్దుకునేది ఎవరో వేరే చెప్పాలా.

"జర నిండుగ తియ్యి పిడికిలి" అన్నది అత్త సరోజమ్మ మంచం మీద నుంచే. "దేవుని కాడ గూడ లెక్కలేనా?"

సునీల సంచి మూతి ముడేసింది. పొద్దున నాలుగున్నరకు జవాబులు చెప్పడం మొదలుపెడితే ఆరింటి డ్యూటీ అందదు.

నిజానికి లెక్కలు ఆమె కోరి నేర్చుకున్నవి కావు. ఐదారేళ్ల కింద మొగుడు ప్రేమ్ రాజ్‌కు ఒక ఆలోచన వచ్చింది. "ఎయిర్‌పోర్టు మన ఇంటి ముంగట ఉన్నది. మనం కారు పెట్టకుంటే ఎవడు పెడ్తడు?" అన్నాడు. మాటలో తప్పేం లేదు. పైసలే అతని పేరు మీద ఎక్కడా పుట్టలేదు. మహిళా సంఘంలో ఆమె పేరు మీద పుట్టాయి. ఆడవాళ్లకు మాత్రమే ఇస్తామన్న ఇంకో ఫైనాన్సులోనూ ఆమె పేరు మీదే పుట్టాయి. "సంతకం పెట్టు, కట్టేది నేనే గద" అన్నాడు. పెట్టింది. ఆ పైసలు ముందు కట్టి, మిగతాది కారు మీదే అప్పు తీసి తెచ్చిన కారు పద్నాలుగు నెలలు తిరిగింది. తర్వాత లాక్‌డౌన్ వచ్చి విమానాలు ఆగాయి కానీ కిస్తీలు ఆగలేదు. కారుకు అప్పిచ్చినవాళ్లు ఒకరోజు వచ్చి కారు తోలుకుపోయారు. ఆమె సంతకాలను మాత్రం ఎవరూ తోలుకుపోలేదు. వడ్డీలన్నీ కలిపి చూస్తే రెండు లక్షల ఎనభై ఆరు వేలు తేలింది. ప్రేమ్ రాజ్ ఆ రోజు నుంచి ఎవరి కారుకు డ్రైవరు కావాలంటే ఆ కారుకు పోతున్నాడు, పని లేని రోజు చౌరస్తాలో చాయ్ తాగుతున్నాడు. "నా దిల్ ఇరిగింది" అంటాడు. సునీలకు దిల్ విరగ్గొట్టుకునే తీరిక లేక ఎయిర్‌పోర్టులో సఫాయి పనికి చేరింది.

ఆడవాళ్ల బాత్రూముల డ్యూటీ. ఆరింటి నుంచి ఆరింటి దాకా. తలుపు వెనక ఒక కాయితం వేలాడుతుంటుంది, అరగంటకొకసారి కడిగి తుడిచి దాని మీద సంతకం పెట్టాలి. అద్దాల ముందు ఆడవాళ్లు బొట్టు సరిచేసుకుంటారు, ఫోన్లో నవ్వుతారు, పిల్లల మూతులు తుడుస్తారు. అదే అద్దంలో వెనకాల ఆమె కూడా కనిపిస్తుంటుంది, కానీ వాళ్ల చూపు ఆమె దగ్గర ఆగదు. పన్నెండు గంటల్లో ఆమెతో ఎవరైనా మాట్లాడారంటే అది "ఇక్కడ టిష్యూ కాయితం అయిపోయింది" అనడానికే. ఇంటికొస్తే "ఇంత ఆలస్యమా" అనడానికి. ఒక్కో రోజు రాత్రి పడుకునేముందు, పొద్దుట్నుంచి తన గొంతు తనే వినలేదని గుర్తొచ్చేది.

మొదట్లో లక్ష అనే మాట తలచుకుంటేనే ఆమెకు భయమేసేది. అంత కొండను ఏ పక్క నుంచి తవ్వాలో తెలిసేది కాదు. ఒకరోజు చింతపండు పిసుకుతుంటే చేతికి గింజలు తగిలాయి. వాటిని కడిగి ఆరబెట్టింది. వేయికి ఒకటి చొప్పున రెండు వందల ఎనభై ఆరు గింజలు ఏరి, పాత పచ్చడి సీసాలో పోసింది. పక్కన ఇంకో ఖాళీ సీసా పెట్టింది. వేయి రూపాయలు కట్టినప్పుడల్లా ఒక గింజ ఈ సీసాలోంచి ఆ సీసాలోకి. లక్ష భయపెడుతుంది కానీ చింతగింజ ఎవరినేం భయపెడుతుంది? గింజ పడ్డప్పుడు సీసాలో టక్కుమని చప్పుడవుతుంది. ఆ చప్పుడు కోసమే ఆమె హైవే మీద స్టాఫ్ బస్సు దిగి, ఆటోకు ఇరవై రూపాయలు పెట్టకుండా, లారీల దుమ్ములో ఇంటి దాకా నడిచేది. బీరకాయ తొక్కలు పారేయకుండా పచ్చడి నూరేది. అరిగిపోయిన సబ్బుముక్కలన్నీ కలిపి కొత్త సబ్బు చేసేది. సంతలో అన్నీ ఎత్తేసే వేళకు పోయి వాడిన కూర సగం ధరకు తెచ్చేది. పండుగకు కొత్త చీర అడగనందుకు సరోజమ్మ చర్చిలో పదిమందికి చెప్పింది, "నా కోడలికి సోకులు లేవమ్మా" అని. ఆ మాటకు సునీలకు సంతోషం కలగలేదు, ఏడుపొచ్చింది. నీలంరంగు చీరంటే ఆమెకు ప్రాణం.

ప్రేమ్ రాజ్ సీసాలు చూసి నవ్వాడు. "ఏంది, ఈ వయసుల అష్టాచెమ్మా ఆడుతున్నవా?" వచ్చిపోయేవాళ్లకు కూడా చూపించి నవ్వేవాడు. అలాగని సిగరెట్టు మానలేదు, ఫోన్ మార్చడం మానలేదు. "మొగోడు నలుగుర్ల తిరగాలె, చేతిల మంచి ఫోనన్న లేకుంటే ఎట్ల?" అప్పు ఇంటిదనేవాడు. పొదుపు మాత్రం ఆమె కడుపులోంచి, కాళ్లలోంచి రావాలి.

నూరో గింజ వేసిన రోజు ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. కూతురు జెరూషా పక్కన కూర్చుని "బిడ్డా, ఇయాల్టికి నూరు" అన్నది. తొమ్మిదో తరగతి పిల్ల, ఫోన్లోంచి తలెత్తకుండానే "సూపర్ మమ్మీ" అన్నది. అంతే. మర్నాడు డ్యూటీ దిగాక సునీల ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ఒకటి కొనుక్కొని, రోడ్డు పక్క మైలురాయి మీద కూర్చొని ఒక్కతే తిన్నది. తలమీంచి విమానం ఒకటి లేచి పోయింది. తన పండుగ తనొక్కతే చేసుకున్నందుకు నవ్వొచ్చింది. ఐదు రూపాయలు దుబారా చేసినందుకు మాత్రం ఇంటికొచ్చేదాకా మనసు పీకుతూనే ఉంది.

అట్లా మూడేళ్ల ఎనిమిది నెలలు. ఈ కోత పండుగ నాటికి సీసాలో తొమ్మిది గింజలు మిగిలాయి, అన్నీ సంఘం అప్పువే. తొమ్మిది వేలూ కూడబెట్టి కందిపప్పు డబ్బాలో అడుగున పెట్టింది. సోమవారం సాయంత్రం సంఘం మీటింగు. లీడరు రేణుకమ్మ ముందే చెప్పింది, "తొమ్మిది తెచ్చి కట్టు సునీల, నీ కాయితం నీకిచ్చేస్త. ఇగ ఆరాంగ పండుకో" అని. ఆదివారం పండుగ ఎట్లాగూ గడిచిపోతుంది, మధ్యలో ఒక్క రాత్రే కదా అనుకున్నది.

ఆదివారం చర్చి ముందు షామియానా వేశారు. గుమ్మడికాయలు, చెరుకుగడలు, కాళ్లు కట్టిన కోళ్లు, బంతిపూల బుట్టలు, వాటి మధ్యలో ఆమె గుడ్డసంచి. పదకొండు కిలోలు తూగింది. వేలానికి ముందు, దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పమన్నారు. ప్రేమ్ రాజ్ లేచి మైకు అందుకున్నాడు. ఇస్త్రీ చొక్కా, పొద్దున ఆమే చేసింది. "నేను అప్పులల్ల మునిగిన. మూడు లక్షలు. నా వల్ల గాదనుకున్న. కానీ నేను మోకరించి ప్రార్థన చేసిన, కష్టపడ్డ, దేవుడు నాకు దారి చూపిండు. రేపటితోని నా అప్పు సాఫ్" అన్నాడు. అందరూ హల్లెలూయా అన్నారు. ఆడవాళ్ల వైపు చాప మీద ఆమె పక్కన కూర్చున్న జెరూషా కూడా అన్నది, నాన్నను చూసి మురిసిపోతూ. సునీలకు దేవుని మీద కోపం లేదు. రోజూ నడిచే దారిలో ఆమెతో మాట్లాడింది ఆయన ఒక్కడే. అంతమందిలో ఒక్కరైనా తన వైపు తిరిగి చూస్తారేమోనని మాత్రం తల కొంచెం ఎత్తి కూర్చుంది. ఎవరూ చూడలేదు.

తర్వాత వేలం. చర్చి పైసలు చూసే యేసురత్నం సంచి పైకెత్తి, "పిడికెడు బియ్యం, పదకొండు కిలోలు, మన ప్రేమ్ రాజ్ ఇంటి నుంచి" అన్నాడు. ఐదు వందల దగ్గర పాట మొదలైంది. ఇలాంటి పాటల్లో వస్తువు ధర ఎవరికీ పట్టదు. ఎవరు ఎక్కువ పాడితే వాళ్లకు చప్పట్లు, వచ్చే పండుగ దాకా వాళ్ల మాటే మాట. ప్రేమ్ రాజ్ చిన్నాయన కొడుకు ఎజ్రా, హిమాయత్ సాగర్ దిక్కు ప్లాట్లమ్మి బాగుపడ్డవాడు, నవ్వుతూ "రెండు వేలు. మా అన్న ఇంటి బియ్యం, మా ఇంట్ల వండాలె" అన్నాడు.

"మూడు" అన్నాడు ప్రేమ్ రాజ్.

సునీల మొదట సరిగా వినలేదనుకున్నది. ఎవరి ఇంటి బియ్యం వాళ్లే పాడుకోవడం ఎక్కడైనా ఉందా? ఐదు వేల దగ్గర చాప మీద నుంచి లేచి అతని కళ్ల పడేట్టు నిలబడ్డది. అతను చూశాడు. చూసి మొహం తిప్పుకున్నాడు. "నా ఇంటి బియ్యం ఇంకోని ఇంటికి పోనియ్య" అని అరిచాడు. జనం ఈలలేశారు. పక్కావిడ మోచేత్తో పొడిచి "నీ పెనిమిటి మంచి జోరు మీదున్నడు" అన్నది. పదమూడు వేలు అన్నాడు ఎజ్రా. పద్నాలుగు అన్నాడు ప్రేమ్ రాజ్. ఎజ్రా రెండు చేతులు జోడించి నవ్వుకుంటూ కూర్చున్నాడు. ప్లాట్లమ్మినవాడు, ఎక్కడ కూర్చోవాలో తెలుసు.

ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. చప్పట్లు. సొమ్మొకడిది, సోకొకడిది. బజార్లో ఆరు వందలకు వచ్చే బియ్యం. రెండు వందల పైచిలుకు పొద్దులు ఆమె డబ్బాలో తగ్గిన పిడికెళ్లే ఆ సంచి నిండా. ఆ ఆకలిని ఆమె మొగుడే పద్నాలుగు వేలకు కొని, భుజం మీద వేసుకొని ఊరేగింపులా ఇంటికి తెచ్చాడు.

ఇల్లు చేరేదాకా ఆగలేదు, గేటు దగ్గరే మొదలుపెట్టాడు. "పప్పు డబ్బాల తొమ్మిది ఉన్నయ్ గద. రేపు సంఘంల గవి కట్టకు. ఇంకో ఐదు వేలు నీ పేరు మీద ఎత్తు. యేసురత్నం అన్న రేపు సాయంత్రం వస్తడు."

"గవి అప్పు పైసలు" అన్నది సునీల.

"అప్పు ఎటు పోతది? నాలుగేండ్లు ఆగింది, ఇంకో రెండు నెలలు ఆగదా? ఇజ్జత్ ఆగుతదా?"

లోపలికి రాగానే సరోజమ్మ మంచం మీంచి లేచి కూర్చున్నది. "దేవుని కాడ బాకీ పెడితే ఇల్లు ఆగమైతది. నీకు పుణ్యముంటది, ఇచ్చెయ్యి."

జెరూషా కూడా తల్లి దగ్గరకొచ్చి మెల్లగా, "ఇచ్చెయ్ మమ్మీ, డాడీ అందరి ముంగట అన్నడు గద" అన్నది. పిల్ల కళ్లలో మోసం లేదు. తండ్రి తల దించుకోకూడదనే ఆరాటం ఒక్కటే ఉంది. తల్లి తల సంగతి పిల్లకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. తప్పు పిల్లది కాదు, నేను కూడా చెప్పలేదు కదా అనుకున్నది సునీల. ఒకే గదిలో ముగ్గురు అటువైపు, తనొక్కతే ఇటువైపు. బాత్రూము అద్దంలో వెనకాల నిలబడ్డప్పుడు కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు.

సోమవారం పప్పు డబ్బాలోంచి తొమ్మిది వేలు తీసి జాకెట్టులో పెట్టుకుని డ్యూటీకి పోయింది. ఇస్తానని చెప్పలేదు, ఇవ్వనని చెప్పలేదు. రోజంతా చేతులు తుడుస్తూనే ఉన్నాయి, లోపల మాత్రం ఒకటే రొద. ఇవ్వకపోతే వీధిలో మాటలు, చర్చిలో గుసగుసలు. ఇస్తే ఐదు వేల కోసం మళ్లీ సంతకం, మళ్లీ గింజలు ఏరడం. గింజలు ఏరడం ఆమెకు భయం కాదు. మళ్లీ ఆ సీసా ముందు ఒక్కతే కూర్చోవడం భయం. మూడేళ్ల ఎనిమిది నెలలు నడిచింది అప్పు తీర్చడానికని అనుకున్నది ఇన్నాళ్లూ. నడుస్తూ పోతే ఎదురుగా ఎవరో ఒకరు వచ్చి చేతిలో సంచి అందుకుంటారని ఆశ కూడా ఉండింది. ఎవరూ రారని ఆదివారం మైకులో తెలిసిపోయింది. మధ్యాహ్నం కాయితం మీద సంతకం పెడుతుంటే చేయి ఆగింది. ఆ సంతకం కింద తను కడిగిన గది ఉంది. సంఘంలో పెట్టిన సంతకాల కింద తను ఎక్కని కారు ఉంది. నిన్న పాటలో పలికిన పద్నాలుగు వేలకు మాత్రం, ఇన్నేళ్లలో మొదటిసారి, ఆమె సంతకం ఎవరూ అడగలేదు. ఆ సంగతి ఆమెకు అప్పుడే తట్టింది.

సాయంత్రం రేణుకమ్మ అరుగు మీద తొమ్మిది వేలు లెక్కపెట్టి ఇచ్చింది. రేణుకమ్మ కాయితం చేతిలో పెట్టి, "తిన్నవా?" అని అడిగింది. మామూలుగా అందరినీ అడిగే మాటే. సునీల తల ఊపి లేచి వచ్చింది.

ఇంట్లో యేసురత్నం కుర్చీలో కూర్చొని ఉన్నాడు, ఒళ్లో రసీదు పుస్తకం. ప్రేమ్ రాజ్ చాయ్ గ్లాసు అందిస్తూ, "ఇగో వచ్చింది. సునీల కాడ ఉన్నయ్ అన్నా, ఇస్తది" అన్నాడు.

సునీల చేతిసంచి కింద పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంది. "అన్నా, రసీదు ఎవరి పేరు మీద రాస్తరు?"

"పాడినోళ్ల పేరు మీదనే చెల్లె. ప్రేమ్ రాజ్ పేరు మీద."

"అయితే ఆయన్నే అడుగుండ్రి. నా కాడున్నవి నా పేరు మీది అప్పుకు కట్టొచ్చిన. ఈ పాటకు నేను సంతకం పెట్టలె."

ఆమె గొంతు పెద్దది కాలేదు. గదిలో అంతా విన్నారు. ప్రేమ్ రాజ్ ఏదో అనబోయి యేసురత్నం మొహం చూసి ఆగిపోయాడు. పెద్దాయన చాయ్ తాగి గ్లాసు కింద పెట్టాడు. తర్వాత పుస్తకం మూసి, "తొందరేం లేదు తమ్మీ. క్రిస్మస్ దాక టైమున్నది. కొంచెం కొంచెం కట్టు, డ్రైవర్ పని దొరుకుతనే ఉన్నది గద" అని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "నిన్న సాక్ష్యం నువ్వు చెప్పాల్సింది చెల్లె" అని మెల్లగా అని చెప్పులు వేసుకున్నాడు. ఈ మాట నిన్ననే అని ఉంటే బాగుండేది అనుకున్నది సునీల.

"నా ఇజ్జత్ తీసినవ్" అన్నాడు ప్రేమ్ రాజ్ గేటు చప్పుడు ఆగాక. ఆమె వంటింట్లోకి పోయింది. పాటలో కొన్న సంచి మూతి విప్పి, గ్లాసుతో నలుగురికి కొలిచింది. కొలిచి, పిడికెడు తీయలేదు. ఇంకో అరగ్లాసు పోసింది.

సరోజమ్మ గుమ్మంలోంచి చూసి బుగ్గలు నొక్కుకున్నది. "గవి దేవుని బియ్యం."

"కొన్నం గద అత్తమ్మా. పద్నాలుగు వేలకు."

అన్నం ఉడికేలోపు అలమర దగ్గరకు పోయి, సీసాలో మిగిలిన తొమ్మిది గింజలను నిండు సీసాలోకి ఒక్కొక్కటిగా వేసింది. తొమ్మిది చప్పుళ్లు. వినడానికి ఎవరూ రాలేదు. ఖాళీ సీసా చేతిలో పట్టుకొని కాసేపు నిలబడ్డది. ఆ తర్వాత నిండు సీసాలోంచి పద్నాలుగు గింజలు లెక్కపెట్టి, ఖాళీ సీసాలో పోసి, ప్రేమ్ రాజ్ గడ్డం గీసుకునే అద్దం ముందు, ఫోన్ చార్జర్ పక్కన పెట్టింది.

నాలుగు కంచాలు ఒకేసారి వేసింది. ఆ ఇంట్లో నాలుగు కంచాలు ఒకేసారి పడ్డది ఎవరికీ గుర్తులేదు. జెరూషా తల్లి కంచం వైపు, తల్లి మొహం వైపు వింతగా చూసింది. చేతులు కడుక్కోవడానికి పోయిన ప్రేమ్ రాజ్ సీసా పట్టుకొని వచ్చాడు.

"ఇదేంది?"

"నీయి. కట్టినకొద్దీ తియ్యి" అన్నది సునీల, గిన్నె తన వైపు జరుపుకొని, రెండోసారి అన్నం వడ్డించుకుంటూ.